సైకిలుకు కరెంటు కిట్టు: బెజవాడలో మొదటిసారి కొనేవాళ్లు అడిగే ప్రశ్నలు

నా సైకిలుకు మోటారు పెట్టించిన దగ్గర్నుంచి ఎక్కడ ఆపినా ఎవరో ఒకరు వంగి చక్రం వంక చూసి, "ఎంతయిందండీ?" అంటారు. చెప్పగానే రెండో ప్రశ్న, "ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" ఈ రెండూ ఆఖర్న అడగాల్సినవి. ముందు తెలియాల్సింది మీ సైకిలు కొలతలు, మీరు రోజూ తిరిగే దూరం. ఆ రెండూ చేతిలో ఉంటే కిట్టు ఎంచుకోవడం సగం అయిపోయినట్టే. అవి లేకుండా కొంటే ఏమవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే నేను అలాగే కొన్నాను.

కిట్టు అంటే పెట్రోలు బండికా, తొక్కే సైకిలుకా?

మన దగ్గర బైక్ అంటే పెట్రోలు బండే కాబట్టి ఈ తికమక మామూలే. ఇక్కడ చెప్పేదంతా తొక్కే సైకిలు గురించి. పెట్రోలు బండిని కరెంటుకు మార్చడం వేరే వ్యవహారం. దానికి ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థ ఆమోదం ఉన్న కిట్టే వాడాలి, ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి ఆర్సీలో మార్పు రాయించుకోవాలి.

కిట్టులో ఏమేం వస్తాయి?

మోటారు బిగించిన చక్రం, కంట్రోలరు (బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటు అందించే పెట్టె), యాక్సిలరేటర్ పిడి (థ్రాటిల్ అంటారు), పెడల్ దగ్గర పెట్టే సెన్సరు, మోటారును ఆపే బ్రేకు లివర్లు, హ్యాండిల్ మీద చిన్న మీటరు. చాలా ప్రకటనల్లో కనిపించే ధర వీటికి మాత్రమే. బ్యాటరీ, చార్జరు విడిగా కొనాలి. ఇవన్నీ ఒక ఎత్తు, బ్యాటరీ ఒక్కటే ఒక ఎత్తు. బడ్జెట్ వేసుకునేటప్పుడు ముందు బ్యాటరీకి తీసి పక్కన పెట్టండి, మిగిలిందాంట్లో మోటారు చూసుకోండి.

లైసెన్సు కావాలా? పోలీసులు ఆపుతారా?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండి, వేగం 25 కి.మీ. దగ్గరికి వచ్చేసరికి మోటారు ఆగిపోయే సైకిలు మోటారు వాహనం కిందికి రాదు. బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకూడదు. మంచి బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. అప్పుడు లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే ఈ లక్షణాలన్నీ ఉన్నట్టు పరీక్షా సంస్థ ధ్రువీకరించాలని కూడా అదే నిబంధనలో ఉంది. ఆ కాగితం ఉందా అని షాపులో అడగండి. అడగ్గానే మాట మార్చే షాపు నుంచి మీరూ దారి మార్చండి.

350, 500 వాట్ల కిట్లు కూడా బాహాటంగానే అమ్ముతారు. అవి ఈ మినహాయింపులోకి రావు. "ఎవరు చూస్తారు సార్" అనేవాడు యాక్సిడెంటు అయిన రోజు మన పక్కన ఉండడు.

నా సైకిలుకు సరిపోతుందా?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. నేను 26 అంగుళాల కిట్టు ఆర్డరు పెట్టి, డబ్బా విప్పకుండానే సత్యనారాయణపురంలో మా సైకిలు షాపు బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సైకిలు టైరు పక్కన వేలితో తుడిచి, దుమ్ము కింద ఉన్న అంకెలు చూపించాడు. 27.5. "చక్రం సైజు చూసుకోకుండా కిట్టు తెచ్చావేంటయ్యా, చెప్పు కొనేటప్పుడైనా కాలు చూసుకుంటాంగా" అన్నాడు. వాపసు పంపడానికి పార్శిల్ ఖర్చు నాదే.

కాబట్టి ముందు టైరు పక్కన ఉన్న అంకెలు రాసుకోండి. తర్వాత చక్రం ఊడదీసి, ఇరుసు కూర్చునే రెండు కొనల మధ్య ఖాళీని టేపుతో కొలవండి. ముందు ఫోర్కు అయితే మామూలుగా 100 మి.మీ., గేర్లున్న సైకిలు వెనక 135 మి.మీ. ఉంటుంది. గేర్లు లేని సైకిలుకు వెనక ఇంకా ఇరుకు. ఇనప ఫ్రేము అయితే కొద్దిగా సాగదీసి ఇరికించేవాళ్లు ఉన్నారు. అల్యూమినియం ఫ్రేముకు ఆ పని చేయనివ్వద్దు, చీలుతుంది.

మూడోది, ఇరుసు దిగే గాడి వెడల్పు. మోటారు ఇరుసు 12 మి.మీ. లావు ఉండి, రెండు పక్కలా 10 మి.మీ.కి చదును చేసి ఉంటుంది. సైకిళ్ల ముందు ఫోర్కు గాడి సాధారణంగా అంతకన్నా ఇరుకు. ఆకురాయి పెట్టి గీకితే పడుతుంది కానీ, గీకిన కొద్దీ ఆ కొన బలహీనపడుతుంది.

డిస్క్ బ్రేకు ఉంటే మోటారుకు డిస్క్ బిగించే ఆరు బోల్టుల చోటు ఉందా చూడండి. వెనక గేర్లుంటే ఎన్ని పళ్ల చక్రాలున్నాయో లెక్కపెట్టండి. ఈ మోటార్లకు ఎక్కువగా మరచుట్టు తిప్పి ఎక్కించే ఫ్రీవీలే పడుతుంది. ఆరు, ఏడు గేర్లవరకు ఇబ్బంది లేదు, తొమ్మిది పది గేర్ల ఖరీదైన సైకిలు అయితే గేర్లు తగ్గించుకోవాల్సి రావచ్చు.

మా నాన్నగారి పాత రాడ్ బ్రేకుల సైకిలు ఉంది. దానికి పెట్టొచ్చా?

ఆ సైకిలు మీద ప్రేమ నాకు అర్థమవుతుంది, ఫ్రేము కూడా ఏనుగులాంటిది. చిక్కంతా బ్రేకులతోనే. రాడ్ బ్రేకు రిమ్మును లోపలి వైపు నుంచి పట్టుకుంటుంది. కిట్టుతో వచ్చే రిమ్ము ఆ ఆకారంలో ఉండదు, బ్రేకు పట్టదు. మోటారును పాత రిమ్ములోకి కొత్త పుల్లలతో అల్లించాలి. అది తెలిసిన చేయి దొరికినా, వానలో తడిసిన రాడ్ బ్రేకు మీద 25 కి.మీ. వేగంతో వెళ్లడం నాకైతే ఇష్టం లేదు. దాన్ని అలాగే ఉంచుకోండి.

మోటారు ముందు చక్రానికా, వెనక చక్రానికా?

ముందు చక్రానికి పెట్టడం తేలిక. చైను జోలికి, గేర్ల జోలికి వెళ్లక్కర్లేదు, గంటలో పని అయిపోతుంది. నేనూ మొదట అదే చేశాను. పెట్టిన షాపువాళ్లు ఇరుసు తిరక్కుండా ఆపే పన్ను ఉన్న వాచర్లు వేయలేదు, నాకు అడగాలని తెలియదు.

జరిగేది ఇది: మోటారు చక్రాన్ని ముందుకు ఎంత బలంగా తిప్పుతుందో, ఇరుసు వెనక్కి తిరగడానికి అంతే బలంగా చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది ఫోర్కు గాడి, నట్లు, ఆ వాచర్లు మాత్రమే. మూడో వారంలో పటమటలో సిగ్నల్ పడి బయల్దేరబోతుంటే టక్కున చప్పుడైంది. ఇరుసు గాడిలోనే గిర్రున తిరిగి, దాని మధ్యలోంచి వచ్చే వైర్లను తాడులా మెలితిప్పేసింది. వైర్లు ఒకదానికొకటి తగిలి కంట్రోలరు కాలిపోయింది. చక్రం ఊడి పడలేదు, అది నా అదృష్టం.

ఆ తర్వాత వెనక చక్రం మోటారుకు మారాను. ఆటోనగర్‌లో లేత్ షాపులో మందపాటి ఇనప పట్టీ కోయించి, ఒక కొన ఇరుసు చదునుకు సరిగ్గా పట్టేలా, రెండో కొన ఫ్రేముకు బిగించేలా చేయించాను. దీన్నే టార్క్ ఆర్మ్ అంటారు, కొన్ని కిట్లలోనే వస్తుంది. మీకు రాకపోతే చేయించుకోండి. ముందు చక్రానికే పెట్టాలనుకుంటే మాత్రం ఇనప ఫోర్కు ఉండాలి. షాకులున్న ఫోర్కుకూ, అల్యూమినియం ఫోర్కుకూ వద్దు.

పెడళ్ల దగ్గర బిగించే మోటారు మంచిదంటున్నారు?

కొండలెక్కేవాళ్లకు మంచిదే. ఖరీదు ఎక్కువ, చైను త్వరగా అరుగుతుంది. బెజవాడ బల్లపరుపుగా ఉండే ఊరు. ఇక్కడ రోజూ ఇంద్రకీలాద్రి ఘాట్ ఎక్కేదెవరు?

గేర్డ్ హబ్, గేర్‌లెస్ హబ్ అంటే ఏంటి?

చక్రం మధ్యలో ఉండే మోటారునే హబ్ మోటారు అంటారు. గేర్డ్ మోటారు లోపల చిన్న పళ్ల చక్రాలుంటాయి. మోటారు చిన్నది, తేలిక, కదిలేటప్పుడు లాగుడు బాగుంటుంది. బ్యాటరీ అయిపోయినా మామూలు సైకిలులా తొక్కుకోవచ్చు. గేర్‌లెస్ బరువెక్కువ, లోపల అరిగేదేమీ లేదు కానీ తొక్కేటప్పుడు అయస్కాంతం పట్టి వెనక్కి లాగినట్టుంటుంది. షాపులో చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పండి. తేలిగ్గా తిరుగుతూ పోతే గేర్డ్, టకటకమని పట్టిపట్టి ఆగితే గేర్‌లెస్. 250 వాట్లకు నా ఓటు గేర్డ్‌కే.

24 వోల్టులా, 36 వోల్టులా, 48 వోల్టులా?

36. 24 చవక గానీ బరువున్న మనిషి ఎక్కితే నీరసపడుతుంది. 48కి వెళ్తే వేగం చట్టం గీత దాటే అవకాశం ఉంది.

ఎంత బ్యాటరీ తీసుకోవాలి?

లెక్క తేలికే. వోల్టులను బ్యాటరీ మీద రాసి ఉండే ఏహెచ్‌తో (ఆంపియర్ అవర్లు) గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 36 వోల్టులు, 10 ఏహెచ్ అంటే 360 వాట్ అవర్లు. తొక్కకుండా పిడి తిప్పుతూ కూర్చుంటే కిలోమీటరుకు 12 నుంచి 15 వాట్ అవర్లు ఖర్చవుతాయి. మీరూ తొక్కుతుంటే 7 నుంచి 10తో సరిపోతుంది.

పోరంకి నుంచి గవర్నర్‌పేటకు డ్యూటీకి వచ్చే మనిషినే తీసుకుందాం. బందరు రోడ్డు మీద సుమారు 10 కి.మీ., రానూపోనూ 20. కిలోమీటరుకు 12 చొప్పున 240 వాట్ అవర్లు. ఎదురుగాలి, ట్రాఫిక్, బ్యాటరీకి వయసు మీద పడడం, వీటన్నిటికీ మూడో వంతు కలిపితే 320. కాబట్టి 360 బ్యాటరీ ఆయనకు సరిగ్గా సరిపోతుంది. అదే సింగ్‌నగర్ నుంచి వన్‌టౌన్ వరకే తిరిగే చిరువ్యాపారికి అంత అక్కర్లేదు, 7 ఏహెచ్ చాలు. "ఎందుకైనా మంచిది" అని పెద్దది కొంటే ఆ బరువును రోజూ మీరే మోయాలి.

చార్జింగు ఖర్చు గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఈ బ్యాటరీ నిండడానికి అర యూనిట్ కూడా పట్టదు. 2 ఆంపియర్ల చార్జరుతో అయిదారు గంటలు పడుతుంది.

బ్యాటరీ మీద రాసినంత నిజంగా ఉంటుందా? మోసం ఎలా కనిపెట్టాలి?

తూకం వేయండి. నవ్వకండి, నేను రైతుబజారులో కూరగాయల కాటా మీద పెట్టి చూశాకే నిజం తెలిసింది.

చాలా బ్యాటరీల్లో వేలంత లావు 18650 సెల్సు ఉంటాయి. 36 వోల్టులు రావాలంటే పది సెల్సు వరసగా కలపాలి. ఒక్కో సెల్ 2.5 ఏహెచ్ అనుకుంటే 10 ఏహెచ్ రావడానికి అలాంటి వరసలు నాలుగు కావాలి, అంటే 40 సెల్సు. ఒక్కోటి 45 గ్రాములు అనుకున్నా సెల్సే 1,800 గ్రాములు. పైన పెట్టె, వైర్లు, లోపలి బోర్డు కలిపితే రెండు కిలోలు దాటాలి. 21700 అనే లావుపాటి సెల్సు వాడితే కొంచెం తగ్గుతుంది, అయినా పెట్టెతో కలిపి కిలోన్నరకు పైనే ఉంటుంది. నాకు 10 ఏహెచ్ అని అమ్మింది కాటా మీద 1,240 గ్రాములు తూగింది. కాటా దగ్గరున్నావిడ "ఏం కాయండీ ఇది, కిలో ఎంత?" అని అడిగింది. ఏం చెప్పను?

బ్యాటరీ కొనేటప్పుడు ఇంకో మూడు అడగండి: ఏ కంపెనీ సెల్సు, లోపల సెల్సును కాపాడే బీఎంఎస్ బోర్డు ఎన్ని ఆంపియర్లది, వారంటీ బిల్లు మీద రాసిస్తారా. కంట్రోలరు 15 ఆంపియర్ల వరకు లాగుతుంటే బీఎంఎస్ అంతకు తక్కువ ఉండకూడదు. ఉంటే మిట్ట ఎక్కినప్పుడల్లా కరెంటు టప్పున పోతుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీ చవక కదా?

చవకే. 12 వోల్టులవి మూడు కట్టాలి, 12 ఏహెచ్ అయితే మూడూ కలిపి పది కిలోల పైమాటే. క్యారియర్ మీద ఎప్పుడూ ఒక చిన్నపిల్లాణ్ని ఎక్కించుకుని తిరిగినట్టు.

మన ఎండలకు బ్యాటరీ తట్టుకుంటుందా?

ఈ ఊరికి బ్లేజ్‌వాడ అని ఊరికే పేరు రాలేదు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగు పెట్టకూడదు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి రేకుల షెడ్డు కింద చార్జింగు పెట్టామంటే దాని ఆయుష్షు మనమే కోసుకున్నట్టు. ఎండలో వచ్చిన వెంటనే కూడా పెట్టొద్దు, ఇంట్లో నీడపట్టున ఒక అరగంట చల్లారనివ్వండి. నేను వేసవిలో పొద్దున్నే లేచి పెడతాను, మెలకువగా ఉన్నప్పుడే అయిపోతుంది. పడకగదిలో, మెట్ల కింద, గుమ్మం పక్కన పెట్టొద్దు. ఏదైనా అంటుకుంటే బయటపడే దారి అదే కాబట్టి.

అందుకే తాళం తీసి చేత్తో పట్టుకెళ్లగల బ్యాటరీనే కొనండి. ఆఫీసు దగ్గర సైకిలు ఎండలో ఉన్నా బ్యాటరీ మీతో పైకి వస్తుంది.

ఎల్ఎఫ్‌పీ అనే రకం లిథియం బ్యాటరీ వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది, ఎక్కువకాలం వస్తుంది, బరువూ చోటూ ఎక్కువ పడుతుంది. దాని చార్జరు వేరు. మామూలు 36 వోల్టుల లిథియం బ్యాటరీ నిండితే 42 వోల్టులు, 12 సెల్సున్న ఎల్ఎఫ్‌పీ నిండితే 43.8. పిన్ను దూరింది కదా అని ఒకదాని చార్జరు ఇంకోదానికి పెట్టొద్దు.

వానలో నడపొచ్చా? నీళ్లలో మునిగితే?

వానకు తడిస్తే ఫర్వాలేదు, మునిగితేనే గొడవ. బిగించేటప్పుడు ప్రతి వైరూ కాస్త కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కి కంట్రోలరులోకి వెళ్లేలా చూసుకోండి. నీటి బొట్టు ఆ వంపు దగ్గర రాలిపోతుంది, లోపలికి పాకదు. కంట్రోలరు వైర్ల నోరు కిందికి ఉండాలి. రైలు వంతెనల కింద నీళ్లు నిలిచినప్పుడు, నీళ్లు ఇరుసు దాకా వస్తాయనిపిస్తే దిగి, వేరే దారి చూసుకోండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలా మునిగిన బ్యాటరీని ఎండబెట్టి మళ్లీ చార్జింగు పెట్టకండి. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల బురదనీళ్లు సెల్సు కొనలను తినేస్తూ ఉంటాయి, ఎప్పుడు షార్ట్ అవుతుందో చెప్పలేం. మోటారు అయితే విప్పి ఆరబెట్టి, బేరింగులు మార్చి బతికించుకోవచ్చు. బ్యాటరీని ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టి, పాత బ్యాటరీలు తీసుకునే చోట అప్పగించండి. చెత్తబండిలో వేయొద్దు.

పిడి తిప్పేదా, పెడల్ తొక్కితే సాయం చేసేదా?

రెండూ ఉన్నది తీసుకోండి. తక్కువ ధర కిట్లలో పెడల్ సెన్సరు మీరెంత బలంగా తొక్కారో చూడదు, పెడల్ తిరుగుతోందా లేదా అనేదే చూస్తుంది. అందుకని సగం చుట్టు తిరిగాక గానీ సాయం రాదు, తొక్కడం ఆపాక కూడా ఒక్క క్షణం తోస్తుంది. ఖాళీ రోడ్డులో అది తెలియదు. బీసెంట్ రోడ్డులో సాయంత్రం ఏడింటికి, ముందు ఒకావిడ పిల్ల చేయి పట్టుకుని బేరమాడుతూ ఆగినప్పుడు, ఆ ఒక్క క్షణం బాగా తెలుస్తుంది. అలాంటిచోట మీటరులో సాయం ఒకటో నంబరుకు తగ్గించండి, లేదా దిగి నడవండి. మోటారును ఆపే బ్రేకు లివర్లు "అవసరం లేదు సార్" అని తీసి పక్కన పడేసే మెకానిక్ ఉంటే, దగ్గరుండి పెట్టించుకోండి.

ఫ్లైఓవర్ ఎక్కుతుందా?

కాస్త తొక్కితే ఎక్కుతుంది. కానీ లారీలు, బస్సుల మధ్య 25 కి.మీ. వేగంతో కనకదుర్గ ఫ్లైఓవర్ మీద మీకేం పని? నేను కింద రోడ్డే వెళ్తాను.

కిట్టు గొడవంతా ఎందుకు, రెడీమేడ్ ఎలక్ట్రిక్ సైకిలు కొంటే పోలా?

ఇంట్లో మంచి ఇనప ఫ్రేము, మంచి బ్రేకులున్న సైకిలు ఉంటే కిట్టు లాభం. సైకిలు కూడా కొత్తగా కొని దానికి కిట్టు పెడదామనుకుంటే మాత్రం రెడీమేడే కొనేయండి. రెండు ఖర్చులూ కూడితే ధర ఇంచుమించు అక్కడికే వస్తుంది, పైగా వారంటీ ఒకే చోట ఉంటుంది. కిట్టులో మోటారువాడు బ్యాటరీవాడి మీద, బ్యాటరీవాడు మోటారువాడి మీద చెబుతారు.

ఆన్‌లైన్‌లో కొనాలా, షాపులోనా?

ఎక్కడ కొన్నా కంట్రోలరు, మోటారు, మీటరు ఒకే సెట్టుగా కొనండి. వైర్ల రంగులు ఒక్కో తయారీదారు ఒక్కోలా పెడతారు, రంగుకు రంగు కలిపితే మోటారు వణుకుతుంది గానీ తిరగదు. నీరు చొరని గుండ్రటి ప్లగ్గులతో వచ్చే సెట్టు తీసుకుంటే బిగించడం, విప్పడం ఎవరికైనా చేతనవుతుంది.

మా అబ్బాయి ఇంటర్. వాడి సైకిలుకు పెట్టించి ఇవ్వొచ్చా?

లైసెన్సు అడ్డం రాదు. ముందు వాడి సైకిలు బ్రేకులు చూడండి. బ్రేకు కట్టలు, కేబుళ్లు కొత్తవి వేయించండి, హెల్మెట్ కొనండి, మీటరులో వేగం పరిమితి 25 మీద పెట్టండి. ఆ పరిమితి ఎలా తీసేయాలో వాడు యూట్యూబ్‌లో చూసేస్తాడు, అది వేరే సంగతి. వారానికోసారి మీరూ ఒక రౌండ్ వేసి చూడండి.

బిగించాక మొదటి రోజు ఏం చేయాలి?

మొదట మోటారున్న చక్రాన్ని గాల్లోకి లేపి పిడి కొద్దిగా తిప్పండి. ముందుకే తిరుగుతోందా, బ్రేకు లివర్ నొక్కగానే ఆగుతోందా చూడండి. ఆగకపోతే రోడ్డెక్కొద్దు.

నేను పొద్దున్నే అయిదున్నరకు ప్రకాశం బ్యారేజీ మీదికి తీసుకెళ్లాను. కిలోమీటరు పైన బల్లపరుపు దారి, ఆ వేళకు వాకింగ్ వాళ్లు, జాలరి పడవలు తప్ప పెద్ద సందడి ఉండదు. సాయం ఒకటో నంబరులో పెట్టి నెమ్మదిగా సీతానగరం చివర దాకా వెళ్లి, అక్కడ ఆపి సంచిలోంచి 18 నంబరు పానా తీశాను. ఇరుసు నట్టు పావు చుట్టు తిరిగింది. కొత్తలో అది సర్దుకుంటుంది కాబట్టి మొదటి 50 కి.మీ. అయ్యేదాకా రోజూ చూడాలి. పానా ఇప్పటికీ సీటు కింద సంచిలోనే ఉంటుంది.